డెబ్బై ఐదు దగ్గర ఏమవుతుంది?

ఫస్టియర్ మొదటి సెమిస్టర్ ఆఖరి వారంలో నేనొక ప్రోగ్రామ్ రాశాను. సి లాంగ్వేజ్‌లో, యాభై లైన్లు కూడా ఉండదు. మొత్తం ఎన్ని క్లాసులు జరిగాయి, నువ్వెన్నింటికి వచ్చావు అని అడుగుతుంది. రెండు అంకెలు కొడితే మూడు మాటల్లో ఏదో ఒకటి చెప్తుంది: సేఫ్, కండోనేషన్, డిటైన్డ్. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒక్కొక్కరూ అంకెలు పంపడం, నేను హాస్టల్ మంచం మీద కూర్చుని ల్యాప్‌టాప్‌లో కొట్టి స్క్రీన్‌షాట్ పెట్టడం. ఆ ఒక్క సాయంత్రం నేనే ఎగ్జామ్ బ్రాంచిలా ఫీలయ్యాను.

రూలు మీకు తెలిసిందే. జేఎన్‌టీయూహెచ్ ఆర్22 రెగ్యులేషన్స్ ప్రకారం అన్ని సబ్జెక్టులూ కలిపి హాజరు కనీసం 75 శాతం ఉంటే సెమిస్టర్ పరీక్ష రాయొచ్చు. 75కి తక్కువై, 65కి తగ్గకుండా ఉంటే, సరైన కారణం, దానికి ఆధారం చూపించి, ఫీజు కట్టి, కాలేజీ కమిటీ ఒప్పుకుంటే రాయొచ్చు. దీన్నే మనం కండోనేషన్ అంటాం. 65 కూడా లేకపోతే ఇంక ఎవరూ ఏమీ చెయ్యలేరు.

మా రూమ్మేట్‌ది సూర్యాపేట వైపు ఒక పల్లెటూరు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. దాని అంకెలు: మొత్తం 420, హాజరు 315. ప్రోగ్రామ్ "75 శాతం, కండోనేషన్" అని చూపించింది.

"75 ఉంది కదనే. మళ్ళ కండోనేషన్ ఎందుకొచ్చింది?" అంది.

నేను ఏమన్నానో ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. "గ్రూపులో ఇంకో అబ్బాయికి కూడా 75 చూపించింది, వాడికీ కండోనేషనే వచ్చింది. కంప్యూటర్ చెప్తోంది కదా" అన్నాను.

ఆ రాత్రే అది ఇంటికి ఫోన్ చేసింది. ఫీజు కట్టాలి అని చెప్పింది. వాళ్ళ నాన్న ముందు తిట్టాడు, చదువుకోడానికి పంపిస్తే తిరుగుతున్నవా అని. తర్వాత ఎవరి దగ్గరో అడిగి పొద్దున్నే ఫోన్‌పే చేశాడు. మూడో రోజు నోటీసు బోర్డులో కండోనేషన్ లిస్టు పెట్టారు. ఆ అబ్బాయి పేరుంది. దీని పేరు లేదు. డబ్బులు వాపసు పంపించేసింది. కానీ "తిరుగుతున్నవా" అన్న మాట వాపసు పోలేదు. జ్వరంతో కూడా క్లాసుకి వచ్చిన పిల్ల అది.

తప్పు ఎక్కడుందో వెతికితే ఒక్క గుర్తులో ఉంది. నేను రాసింది ఇలా. (మన పత్రిక తెలుగుది కాబట్టి కోడ్ కూడా తెలుగు అక్షరాల్లోనే ఇస్తున్నా. మీ ఎడిటర్‌లో కీవర్డులు మాత్రం మామూలుగానే కొట్టుకోండి.)

ఇఫ్ (శాతం > 75)
    ప్రింట్ "సేఫ్"

రాయాల్సింది శాతం >= 75. దాని హాజరు సరిగ్గా 75. 315ని 420తో భాగిస్తే 0.75, చుక్క తర్వాత ఇంకేమీ మిగలదు. 75 అనేది 75 కంటే ఎక్కువ కాదు కదా. అందుకని కంప్యూటర్ నేను చెప్పిందే చేసింది. మరి ఆ అబ్బాయి సంగతి? వాడివి 313 క్లాసులు. అసలు శాతం 74.52. నేను స్క్రీన్ మీద నీట్‌గా ఉంటుందని దశాంశాలు తీసేసి ప్రింట్ చేశాను, అది 75 అయి కూర్చుంది. కండిషన్ చూసింది ఒక అంకెని, మనుషులకి కనిపించింది ఇంకో అంకె. ఇద్దరికీ ఒకే జవాబు, ఒకరికి కరెక్టు, ఒకరికి తప్పు. బయటి నుంచి చూసేవాళ్ళకి తేడా తెలిసే దారే లేదు. మా రూమ్మేట్ అడిగిన ప్రశ్న సరైనది. దానికి సమాధానం చెప్పడానికి నేను కోడ్ తెరిచి చూడాల్సింది, చూడలేదు.

అప్పట్నుంచి కండిషన్ల మీద నాకు కొంచెం పిచ్చి పట్టింది. ఈ ఏడాది జూనియర్లకి ల్యాబ్‌లో హెల్ప్ చేస్తున్నప్పుడు చూస్తుంటే అందరూ చేసే తప్పులు దాదాపు అవే. సింటాక్స్ తప్పైతే కంపైలర్ అరుస్తుంది, అది పెద్ద సమస్య కాదు. కంపైలర్ నోరు మెదపకుండా ఒప్పేసుకునే తప్పులున్నాయి చూడండి, వాటి గురించే ఇది.

నాకు పనికొచ్చిన ఉపాయం ఒకటే. కండిషన్ టైపు చేసే ముందు దాన్ని తెలుగులో పైకి చెప్పడం. నేను నర్సరీ నుంచి ఇంగ్లిష్ మీడియమే, కాబట్టి ఇది భాషాభిమానం డైలాగ్ కాదు. ఇంగ్లిష్‌లో రూలు చదివేటప్పుడు నా కళ్ళు జారిపోతాయి, అర్థమైనట్టే ఉంటుంది. తెలుగులో నోటితో చెప్పాలంటే ఏ మాట వాడాలో ఆగి ఎంచుకోవాలి. ఆ ఆగడంలోనే బగ్ దొరుకుతుంది. పైగా మన భాషలో హద్దుకి విడివిడిగా మాటలున్నాయి. "కనీసం 75" అంటే 75 కూడా లోపలే, గుర్తు >=. "75 దాటితే" అంటే 75 బయట, గుర్తు >. "75 వరకు" అంటే 75 లోపలే, <=. "75కి తక్కువైతే" అంటే 75 బయట, <. ఈ నాలుగూ కిరాణా కొట్లో కూడా ఎవరూ తప్పుగా వాడరు.

ఒక్క మాటతో మాత్రం జాగ్రత్త: "లోపు". పది రూపాయల లోపు అంటే పది లెక్కలోకి వస్తుందా? మా అమ్మని అడిగితే వస్తుందంది. రూమ్మేట్‌ని అడిగితే రాదంది. రూలులో "లోపు" అని వినబడితే కోడ్ రాయడం ఆపేసి, రూలు చెప్పినవాళ్ళని అడగాలి. అది మనం ఊహించుకోవాల్సిన విషయం కాదు.

రెండో జాగ్రత్త, హద్దు దగ్గర మూడు అంకెలు వేసి చూడటం. హద్దుకి కొంచెం కింద, సరిగ్గా హద్దు మీద, కొంచెం పైన. 420 క్లాసులైతే 314, 315, 316. అలాగే 65 దగ్గర 272, 273, 274. నేను ఆ రోజు 400, 300, 100 వేసి చూసి, మూడూ కరెక్టొచ్చాయని మురిసిపోయాను. హద్దుకి దూరంగా ఉన్న అంకెలు ఎప్పుడూ కరెక్టే వస్తాయి.

ఇదేదో ఫస్టియర్ వాళ్ళకే వచ్చే జబ్బు అనుకోకండి. మైక్రోసాఫ్ట్ వాళ్ళకి జూన్ అని పాటలు వినే ప్లేయర్ ఒకటుండేది. 2008 డిసెంబర్ 31న 30 జీబీ మోడల్ జూన్‌లు ఉన్నట్టుండి బిగుసుకుపోయాయి. 2008 లీపు సంవత్సరం, కాబట్టి ఆ రోజు ఏడాదిలో 366వ రోజు. లోపల గడియారం కోడ్‌లో ఒక లూప్ ఉంది: రోజుల సంఖ్య 365 దాటి ఉన్నంతసేపు తిరుగు. లూప్ లోపల, లీపు సంవత్సరమైతే, రోజులు 366 దాటితే 366 తీసెయ్యి. సరిగ్గా 366 అయితే? 365 దాటింది కాబట్టి లూప్ ఆగదు. 366 దాటలేదు కాబట్టి ఏమీ తీసెయ్యదు. తిరుగుతూనే ఉంటుంది. బ్యాటరీ అయిపోనిచ్చి, మర్నాడు చార్జింగ్ పెట్టుకోమని కంపెనీ చెప్పింది. కొత్త సంవత్సరం వచ్చాక అంతా మామూలే. నేను చేసిన తప్పే, కాకపోతే లీపు సంవత్సరంలో ఒక్కరోజు కనబడేది.

హద్దుల గురించి ఇంకో రెండు ముక్కలు చెప్పి వదిలేస్తా. నా ప్రోగ్రామ్ మొట్టమొదటి వెర్షన్‌లో క్లాసు క్లాసంతా డిటైన్డ్. ఎందుకంటే (హాజరు / మొత్తం) * 100 అని రాశాను. సి లో రెండు పూర్ణాంకాలని భాగిస్తే పూర్ణాంకమే వస్తుంది. 315ని 420తో భాగిస్తే సున్నా, సున్నాని వందతో హెచ్చిస్తే సున్నా. వందకి వంద శాతం వచ్చినవాళ్ళు తప్ప మిగతా అందరికీ సున్నా శాతమే. ఇప్పుడు అసలు భాగించడమే మానేశాను. హాజరు * 100 >= మొత్తం * 75 అని రాస్తే దశాంశాల గొడవే లేదు. 31500, 31500, సమానం, సేఫ్. రెండోది, లెక్కల పుస్తకంలో రాసినట్టు 65 <= శాతం < 75 అని రాయడం. పైథాన్‌లో ఇది మనం అనుకున్నట్టే పనిచేస్తుంది. సి లో పనిచెయ్యదు, ఎర్రర్ కూడా ఇవ్వదు. సి ముందు 65 <= శాతం అనేది చూసి దానికి 1 లేదా 0 అని జవాబు రాసుకుంటుంది, తర్వాత ఆ 1నో 0నో 75తో పోలుస్తుంది. రెండూ 75కి తక్కువే కాబట్టి ఎప్పుడూ నిజమే. 20 శాతం వాడికి కూడా కండోనేషన్ వస్తుంది. సి లో దాన్ని రెండు ముక్కలు చేసి మధ్యలో "అండ్" పెట్టాల్సిందే.

ఇప్పుడు వరస సంగతి. దీనికి మెట్రో కంటే మంచి ఉదాహరణ లేదు. నేను రోజూ దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగి అక్కడ కాలేజీ బస్సు ఎక్కుతాను. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా రెడ్ లైన్ 2018 సెప్టెంబర్ 24న మొదలైంది. చార్జీలు దూరాన్ని బట్టి పది మెట్లుగా పెట్టారు. 2025 మేలో చార్జీలు మారాయి గానీ, ఉదాహరణకి నేను మొదటి పట్టికే తీసుకుంటున్నా, అంకెలు తేలిగ్గా ఉంటాయని. 2 కిలోమీటర్ల వరకు 10 రూపాయలు, 2 దాటి 4 వరకు 15, 6 వరకు 25, 8 వరకు 30, 10 వరకు 35, 14 వరకు 40, 18 వరకు 45, 22 వరకు 50, 26 వరకు 55, 26 దాటితే 60.

ఒక జూనియర్ దీన్ని ఇలా రాసింది:

ఇఫ్ (దూరం <= 2) చార్జీ = 10;
ఇఫ్ (దూరం <= 4) చార్జీ = 15;
ఇఫ్ (దూరం <= 6) చార్జీ = 25;

ఇలా చివరిదాకా. దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురికి టికెట్ అడిగితే 55 రూపాయలు చెప్పింది. పక్క స్టేషనే, రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. ఏమైందంటే, దూరం 2 వరకే కాబట్టి ముందు 10 అయింది. కానీ 2 వరకు ఉన్నది 4 వరకు కూడా ఉన్నట్టే కదా, రెండో లైన్లో 15 అయింది. మూడో లైన్లో 25. ఇలా "26 వరకు" అన్న లైన్ దాకా మారుతూ పోయి 55 దగ్గర ఆగింది. ప్రతి ఇఫ్ ఒక కొత్త ప్రశ్న. ముందు ప్రశ్నకి జవాబు దొరికిందని తర్వాతి దానికి తెలియదు. "లేకపోతే" అని చెప్పాలి, అదే ఎల్స్ ఇఫ్. రెండు వరకైతే పది, లేకపోతే నాలుగు వరకైతే పదిహేను. ఆ "లేకపోతే" అన్న మాటలోనే "రెండు దాటింది" అన్న సంగతి దాగి ఉంటుంది, మళ్ళీ విడిగా రాయక్కర్లేదు.

సరే, ఎల్స్ ఇఫ్ పెట్టేశాం. ఇప్పుడు వరస తిరగేస్తే? హాజరు ప్రోగ్రామ్‌లో ముందు "65 లేదా ఎక్కువైతే కండోనేషన్", లేకపోతే "75 లేదా ఎక్కువైతే సేఫ్" అని రాసి చూడండి. 90 శాతం ఉన్న అమ్మాయి కూడా మొదటి గేటు దగ్గరే పట్టుబడిపోతుంది. రెండో గేటుకి ఒక్కరూ చేరరు. అది చచ్చిపోయిన కోడ్, కానీ చూడ్డానికి బతికున్నట్టే ఉంటుంది. "కనీసం" అన్న కండిషన్లయితే పెద్ద అంకె నుంచి కిందికి దిగాలి, "వరకు" అన్న కండిషన్లయితే చిన్న అంకె నుంచి పైకి ఎక్కాలి. గుర్తుపెట్టుకోవడం కష్టమైతే ఇలా అడగండి: ఈ గేటు దగ్గర పట్టుబడకూడని వాళ్ళెవరైనా పట్టుబడుతున్నారా?

అండ్, ఆర్ దగ్గరికొద్దాం. నాకు బాగా ఇష్టమైన భాగం ఇది, ఎందుకంటే ఈ కండిషన్ నా పర్సులోనే ఉంటుంది. 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం. సిటీలో ఆర్టీసీ టికెట్ ఉచితం కావాలంటే: మహిళ అయినా, ట్రాన్స్‌జెండర్ అయినా అయ్యుండాలి. తెలంగాణ నివాసి అయ్యుండాలి. బస్సు ఆర్డినరీ గానీ మెట్రో ఎక్స్‌ప్రెస్ గానీ అయ్యుండాలి. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టిస్తారు. ఒకసారి ఎల్బీనగర్ రింగ్‌రోడ్డు దగ్గర చూసుకోకుండా మెట్రో డీలక్స్ ఎక్కేశాను. మొదటి రెండు కండిషన్లు ట్రూ, మూడోది ఫాల్స్, డబ్బులిచ్చి టికెట్ తీసుకున్నాను. కండక్టర్‌కి లాజిక్ మనకంటే బాగా తెలుసు.

దీన్ని పైథాన్‌లో రాయమంటే నూటికి తొంభై మంది మొదటిసారి ఇలా రాస్తారు (ఆ తొంభై నా అంచనా, సర్వే ఏం చెయ్యలేదు):

ఇఫ్ బస్సు == "ఆర్డినరీ" ఆర్ "మెట్రో ఎక్స్‌ప్రెస్":

చదవడానికి ఎంత బావుందో. "బస్సు ఆర్డినరీ లేదా మెట్రో ఎక్స్‌ప్రెస్ అయితే." మనిషి మనిషికి చెప్తే పూర్తిగా అర్థమయ్యే వాక్యం. పైథాన్ మాత్రం దీన్ని రెండు ముక్కలుగా చదువుతుంది. ఒకటి, బస్సు ఆర్డినరీయా? రెండు, "మెట్రో ఎక్స్‌ప్రెస్". రెండో ముక్కలో ప్రశ్నే లేదు, ఉత్త మాట ఉంది. పైథాన్‌లో ఖాళీగా లేని ఏ మాటైనా ట్రూ కిందే లెక్క. కాబట్టి మొత్తం కండిషన్ ఎప్పుడూ ట్రూ. డీలక్స్ ఫ్రీ, గరుడ ఫ్రీ, అన్నీ ఫ్రీ. ఇక్కడ తెలుగులో "ఆర్డినరీ అయినా, మెట్రో ఎక్స్‌ప్రెస్ అయినా" అని చెప్పుకుంటే "అయినా" రెండుసార్లు వస్తుంది, అలాగే కోడ్‌లో కూడా "బస్సు ==" రెండుసార్లు రావాలి అని గుర్తొస్తుంది. నాకైతే ఇలాగే ఎక్కింది.

తర్వాతి గొయ్యి బ్రాకెట్లు. "మహిళ ఆర్ ట్రాన్స్‌జెండర్ అండ్ తెలంగాణ నివాసి అండ్ సరైన బస్సు" అని బ్రాకెట్లు లేకుండా రాస్తే, కూడిక కంటే గుణకారం ముందు జరిగినట్టు, ఆర్ కంటే అండ్ ముందు కట్టుకుంటుంది. అంటే కంప్యూటర్‌కి వినబడేది ఇది: మహిళ అయితే చాలు, లేదంటే ట్రాన్స్‌జెండర్ అయి, నివాసి అయి, సరైన బస్సు ఎక్కి ఉండాలి. ఏ రాష్ట్రం మహిళైనా ఏ బస్సులోనైనా ఉచితం, ట్రాన్స్‌జెండర్ అయితే మాత్రం అన్ని రుజువులూ చూపించాలి. పథకంలో ఇద్దరికీ ఒకే హక్కు ఉంది. రెండు బ్రాకెట్లు మర్చిపోతే ఒకరికి ఒక రూలు, ఇంకొకరికి ఇంకో రూలు అయిపోయింది. ఇది రాస్తున్నప్పుడే నాకు తట్టింది, హాజరు ప్రోగ్రామ్‌లో నష్టపోయింది ఒక్క మనిషి. ఇలాంటివి పెద్ద సిస్టమ్‌లో ఉంటే ఎవరు నష్టపోతున్నారో కూడా తెలియదు.

తిరగేసి అడిగినప్పుడు ఇంకా చిక్కు. ఎవరి దగ్గర డబ్బులు తీసుకోవాలి? "బస్సు != ఆర్డినరీ ఆర్ బస్సు != మెట్రో ఎక్స్‌ప్రెస్" అని రాస్తారు. నేను ఆర్డినరీలో ఉన్నాననుకోండి. అది ఆర్డినరీ కాదా? ఫాల్స్. మెట్రో ఎక్స్‌ప్రెస్ కాదా? ట్రూ, అది ఎక్స్‌ప్రెస్ కాదు కదా. ఆర్ కాబట్టి మొత్తం ట్రూ, డబ్బులు కట్టు. ఒకే బస్సు రెండు రకాలూ అవ్వలేదు కాబట్టి ఈ కండిషన్ ఎప్పుడూ ట్రూనే. డిస్క్రీట్ మ్యాథ్స్‌లో డి మోర్గాన్ రూలు అని చదివి పరీక్షలో రాసి మర్చిపోయింది ఇదే. తెలుగులో "ఆర్డినరీ కాదు, మెట్రో ఎక్స్‌ప్రెస్ కూడా కాదు" అంటాం. ఆ "కూడా" ఉంది చూశారా, అదే అండ్.

అండ్‌లో ఒక ముక్క మర్చిపోవడం అన్నిటికంటే ప్రమాదం. ఆర్22లో సబ్జెక్టు పాస్ అవ్వాలంటే ఇంటర్నల్‌లో 40కి కనీసం 14, ఎక్స్‌టర్నల్‌లో 60కి కనీసం 21, రెండూ కలిపి 100కి కనీసం 40 రావాలి. చాలామంది మొదటి రెండూ రాసి వదిలేస్తారు. 15, 22 వచ్చినవాడు రెండు గేట్లూ దాటాడు. కలిపితే 37. ఫెయిల్. 14, 21 కలిపితే 35 అని ఎవరూ కూడి చూడరు. ల్యాబ్‌లో పాస్ ఫెయిల్ ప్రోగ్రామ్ రాయమన్నప్పుడు నేనూ చూడలేదు. ఇద్దరు సీనియర్లతో మాట్లాడితే వాళ్ళకీ ఈ మూడో గేటు సంగతి రిజల్ట్ వచ్చాకే తెలిసిందట. కాబట్టి ఇది కోడింగ్ సలహా మాత్రమే కాదు, మిడ్స్‌లో 14 వచ్చినవాళ్ళు ఎక్స్‌టర్నల్‌లో 26 తెచ్చుకోవాలి, 21 చాలదు.

మిగిలినవి గబగబా. ఇఫ్ లైన్ చివర సెమికోలన్ పెడితే సి లో ఇఫ్ అక్కడితో అయిపోతుంది, కింది లైన్ కండిషన్‌తో సంబంధం లేకుండా నడుస్తుంది. లైన్ చివర సెమికోలన్ పెట్టడం మనకి అలవాటైపోయి చెయ్యి దానంతటదే కొట్టేస్తుంది. ఎల్స్ అనేది మనం ఎక్కడ జరిపి రాశామో చూడదు, దగ్గర్లో ఖాళీగా ఉన్న ఇఫ్‌కి అతుక్కుంటుంది. ఫ్లవర్ బ్రాకెట్లు పెట్టకుండా ఇఫ్ కింద రెండు లైన్లు రాస్తే మొదటిదే ఇఫ్‌ది, రెండోది ఎవరిదీ కాదు. 2014 ఫిబ్రవరిలో యాపిల్ ఐఫోన్లకి హడావిడిగా అప్‌డేట్ ఇచ్చింది. సెక్యూర్ కనెక్షన్ సరిచూసే కోడ్‌లో ఇఫ్ కింద ఉన్న "గోటూ ఫెయిల్" అన్న లైన్ పొరపాటున రెండుసార్లు పడింది. ఫ్లవర్ బ్రాకెట్లు లేవు. రెండో లైన్ కూడా ఇఫ్ కిందే ఉన్నట్టు జరిపి రాసి ఉంది, కానీ దానికి కండిషన్ లేదు, ఎప్పుడూ నడిచేది. తర్వాత చెయ్యాల్సిన అసలు చెకింగ్ జరగకుండానే బయటికి దూకేది. ఒక్క లైన్ కాపీ.

ఇక ఒక ఈక్వల్స్, రెండు ఈక్వల్స్. సి లో ఇఫ్ (మార్కులు = 40) అంటే "మార్కులు 40 అయ్యాయా" అని అడగడం కాదు, "మార్కులు 40 చేసెయ్" అని చెప్పడం. చేసేసి, 40 సున్నా కాదు కాబట్టి ట్రూ అంటుంది. అందరూ పాస్, అందరికీ 40. పైథాన్‌లో ఇది ఎర్రర్ ఇస్తుంది, బతికిపోతాం. ఈ తప్పు మనం తెలియక చేస్తాం గానీ, 2003 నవంబర్‌లో ఎవరో తెలిసే చేశారు. లైనక్స్ కెర్నల్ కోడ్ కాపీ ఒకటి పెట్టి ఉన్న సర్వర్‌లోకి చొరబడి ఒక కండిషన్ చొప్పించారు. చూస్తే "యూజర్ నంబర్ సున్నానా" అని అడిగినట్టు ఉంటుంది. లైనక్స్‌లో సున్నా అంటే రూట్, అన్ని అధికారాలూ ఉన్న యూజర్. కానీ ఉన్నది ఒక్క ఈక్వల్సే. అంటే అడగడం లేదు, మామూలు యూజర్‌ని రూట్ చేసేస్తోంది. అసలు కోడ్‌తో ఈ కాపీ సరిపోలకపోవడంతో బయటపడింది. సి కంపైల్ చేసేటప్పుడు వార్నింగులన్నీ ఆన్ చేసుకుంటే ఈ ఈక్వల్స్ తప్పు కంపైలరే పట్టిస్తుంది. వార్నింగులు విసుగని ఆఫ్ చేసుకునే అలవాటు మా బ్యాచ్‌లో చాలామందికి ఉంది. నాకూ ఉండేది.

ఈ సెమిస్టర్‌కి ప్రోగ్రామ్ మళ్ళీ రాశాను. దశాంశాలు రెండు చూపిస్తుంది, ఏ రూలు వల్ల ఆ జవాబు వచ్చిందో కింద ఒక లైన్లో చెప్తుంది. "కాలేజీ లిస్టే ఫైనల్, ఇది కాదు" అని కూడా ప్రింట్ చేస్తుంది. గ్రూపులో పెట్టే ముందు రూమ్మేట్‌కి ల్యాప్‌టాప్ ఇచ్చి చూడమన్నాను. ఈసారి దానికి 88 శాతం ఉంది, దిగుల్లేదు. అయినా తన అంకెలు కొట్టలేదు. ముందు 420 కొట్టింది, తర్వాత 315.

"సేఫ్ అంటోందే" అంది. మళ్ళీ 314 కొట్టి చూసింది.